సమ్మర్ రీడింగ్‌లో ఒక చెడ్డ కూతురు

ఈ వేసవిలో మా అమ్మాయికి స్కూల్ వాళ్లు ఇచ్చిన పుస్తకం జేమ్స్ మెక్‌బ్రైడ్ రాసిన 'ది కలర్ ఆఫ్ వాటర్'. అమెరికాలో హైస్కూల్ పిల్లలున్న చాలా ఇళ్లలోకి ఇది ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. 1990ల మధ్యలో అచ్చయిన దగ్గర్నుంచీ సమ్మర్ రీడింగ్ లిస్టుల్లో తిరుగుతూనే ఉంది. నల్లజాతి కొడుకు తన తెల్లజాతి తల్లి రూత్ గురించి రాసిన జ్ఞాపకాలు. మా తెలుగు పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఒకాయన దీని గురించి "చాలా ఇన్‌స్పైరింగ్ అండీ, ఒంటిచేత్తో 12 మంది పిల్లల్ని పెంచి అందర్నీ కాలేజీకి పంపిన మహాతల్లి, మన పిల్లలు తప్పకుండా చదవాలి" అని పెట్టారు. దాని కింద దణ్ణాలు, చప్పట్లు, ఒక మాతృదేవోభవ.

'ఒంటిచేత్తో' అన్నది ఎలాగూ తప్పే, ఆవిడకి ఇద్దరు భర్తలు, ఇద్దరూ మంచివాళ్లు, ఇద్దరూ ఆవిడకంటే ముందే పోయారు. అది పక్కన పెడితే మెసేజ్‌లో మిగతాదంతా నిజమే. పన్నెండు మందీ నిజం, కాలేజీ నిజం. కానీ పుస్తకం పూర్తిగా చదివినవాళ్లెవరూ దాన్ని ఇలా రెండు లైన్లలో దణ్ణంపెట్టి పక్కన పెట్టలేరు. ఎందుకంటే మనం మహాతల్లి అంటున్న ఆ మనిషే తన తల్లి దృష్టిలో, చెల్లెలి దృష్టిలో, ఇల్లొదిలి వెళ్లిపోయిన పిల్ల. మాట ఇచ్చి తప్పిన పిల్ల. మన చుట్టాల్లో ఎవరైనా అలా చేసి ఉంటే ఏ పేరంటంలోనూ వాళ్ల ఊసు ఎత్తం. గొప్ప తల్లీ, చెడ్డ కూతురూ ఒకే మనిషి కావడమే ఈ పుస్తకంలో అసలు బరువు. స్కూలు ఆ బరువుని 'ఐడెంటిటీ' అనే థీమ్ కింద సర్దేసింది, మన పేరెంట్స్ కాలేజీ లెక్క కింద సర్దేశారు.

ముందు అసైన్‌మెంట్ సంగతి చెప్పేస్తాను. పుస్తకం చదవాలి, చదువుతూ డయలెక్టికల్ జర్నల్ రాయాలి. తెలియనివాళ్ల కోసం: పేజీ మధ్యలో గీత గీసి, ఎడమవైపు పుస్తకంలోంచి ఒక వాక్యం, కుడివైపు దాని మీద నీ స్పందన. స్కూల్ తెరిచిన మొదటి వారాల్లో ఎస్సే. ఈ ఆచారం వెనక ఉన్న భయానికి పేరు 'సమ్మర్ స్లైడ్', అంటే వేసవి సెలవుల్లో పిల్లలు నేర్చుకున్నది మర్చిపోతారని. 1996లో హ్యారిస్ కూపర్, ఆయన సహచరులు పాత అధ్యయనాలన్నీ కలిపి చూసి, సగటున ఒక నెల చదువు వెనక్కి పోతుందని తేల్చారు. ఆ తర్వాత వచ్చిన పరిశోధకులు కొందరు ఆ లెక్కల మీదే అనుమానాలు లేవనెత్తారు. ఏదైతేనేం, పిల్లలు వేసవిలో ఏదో ఒకటి చదవడానికి నేను అడ్డం కాదు. కానీ ఒక తల్లి కొడుకుకి ఏళ్ల తరబడి చెప్పకుండా దాచి, ఆఖరికి చెప్పిన సంగతుల్ని ఎడమ కాలమ్, కుడి కాలమ్‌గా కోయమనడం నాకు మింగుడుపడలేదు. పిల్లలు చేసేది కూడా తెలిసిందే. పుస్తకం తెరవకుండానే ఆన్‌లైన్‌లో 'ముఖ్యమైన కొటేషన్లు' వెతికి, ఎడమవైపు దించేసి, కుడివైపు "ఇది నా గుండెను కదిలించింది" అని రాసేస్తారు.

మా అమ్మాయి పుస్తకం తెరిచింది. ఎందుకు తెరిచిందో చెప్పాలంటే, పుస్తకం కట్టు అలాంటిది. ఒక అధ్యాయం కొడుకు గొంతులో, ఒకటి తల్లి గొంతులో, అలా మారుతూ పోతుంది. తల్లి మాట్లాడే మొదటి అధ్యాయం పేరే 'చచ్చిపోయాను' అనే అర్థం వచ్చేలా ఉంటుంది. తన పుట్టింటి గురించి అడుగుతున్న కొడుకుతో, వాళ్లకి నేను ఎప్పుడో పోయినదాన్ని అని మొదలుపెడుతుంది ఆవిడ. అది విసురుగా అన్న మాట కాదు. నల్లజాతి మనిషిని కట్టుకున్నందుకు యూదు కుటుంబం ఆవిడకి నిజంగానే షివా కూర్చుంది, అంటే చనిపోయినవాళ్ల కోసం ఏడు రోజులు పాటించే మైల పాటించింది. బతికున్న కూతురికి! ఈ సంగతి చదివి మా అమ్మాయి గదిలోంచి బయటికొచ్చి "మనలో కూడా ఇలా చేస్తారా అమ్మా?" అంది. చేస్తారు అన్నాను. నీళ్లొదులుకోవడం అనే మాట మనకి ఊరికే రాలేదు కదా.

ఇక మనిషి సంగతి. 1921లో పోలండ్‌లో పుట్టింది. పసితనంలోనే, రెండేళ్ల వయసులో, కుటుంబం అమెరికా వచ్చింది. తండ్రి ఫిషెల్ షిల్‌స్కీ ఊరూరా తిరిగే రబ్బీ, అంటే యూదుల మతగురువు, ఎక్కడా నిలదొక్కుకోలేక ఆఖరికి వర్జీనియాలోని సఫోక్‌లో నల్లవాళ్లు ఉండే పేటలో కిరాణా దుకాణం పెట్టాడు. కొనేవాళ్లందరూ నల్లవాళ్లు, ఆయనకి పడనిదీ నల్లవాళ్లే. తల్లి పోలియో వల్ల ఒకవైపు చచ్చుబడిన మనిషి, ఇంగ్లీషు రాదు, భర్త ప్రేమ అసలే లేదు. ఆవిడకి కళ్లూ చెవులూ ఈ కూతురే. అన్న శామ్ పదిహేనేళ్లకే ఇంట్లోంచి పారిపోయాడు, తర్వాత రెండో ప్రపంచయుద్ధంలో చనిపోయాడు. చెల్లెలు డీడీ. తండ్రి ఈ పిల్లని లైంగికంగా వేధించేవాడు. దాన్ని రూత్ ఎక్కువ మాటల్లో చెప్పదు, చెప్పాల్సినంత చెప్పి ముందుకెళ్లిపోతుంది. నాకు ఆ పద్ధతే నచ్చింది.

ఈ అధ్యాయాల దగ్గరే గ్రూపులో ఇంకో గొడవ. ఒకావిడ "ఇవి పిల్లలు చదివేవా? వేరే పుస్తకం ఇమ్మని అడగొచ్చటగా" అన్నారు. అడగొచ్చు. చాలా స్కూల్ డిస్ట్రిక్ట్‌లలో తల్లిదండ్రులు అభ్యంతరం చెబితే బదులు పుస్తకం ఇస్తారు. తండ్రి చేసిన పని ఉంది, పెళ్లికి ముందు గర్భం ఉంది, గర్భస్రావం ఉంది, జేమ్స్ కుర్రతనంలో తాగిన గంజాయి, చేసిన చిల్లర దొంగతనాలు ఉన్నాయి. ఏడో క్లాసు పిల్లకైతే నేనూ ఆలోచిస్తాను. పదహారేళ్ల పిల్లకి వద్దంటే మాత్రం ఒప్పుకోను. ఆ పేజీలు తీసేస్తే ఆ ఇల్లు వదిలి ఎందుకు వెళ్లాల్సి వచ్చిందో అర్థం కాదు. అప్పుడు రూత్ తల్లిదండ్రుల మాట వినని పిల్ల అయిపోతుంది, లేదా ప్రేమ కోసం అన్నీ వదులుకున్న సినిమా హీరోయిన్ అయిపోతుంది. రెండూ అబద్ధాలే. పైగా, ఇలాంటివి జరుగుతున్న ఇల్లు బయటికి ఎంత మర్యాదగా, ఎంత దైవభక్తితో కనబడుతుందో (రబ్బీ ఇల్లు అది!) పదహారేళ్ల ఆడపిల్లకి తెలియకూడదని నేను అనుకోవడం లేదు. తెలియాలనే అనుకుంటున్నాను.

గర్భం విషయం కూడా ఒక మాట. ఆ కుర్రాడి పేరు పీటర్ అని చెబుతుంది రూత్, నల్లవాడు, వర్జీనియా, 1930లు. 1924లో ఆ రాష్ట్రం చేసిన చట్టం ప్రకారం తెల్లవాళ్లు, నల్లవాళ్లు పెళ్లి చేసుకోవడం నేరం. ఆ నేరం రద్దయింది 1967లో, సుప్రీంకోర్టు లవింగ్ కేసు తీర్పుతో. అంటే రూత్‌కి అప్పటికి నలభై ఆరేళ్లు. వీళ్లిద్దరి సంగతి బయటపడి ఉంటే ఆ పిల్లకి అవమానంతో పోయేది, ఆ కుర్రాడికి ప్రాణంతో పోయేది. పిల్లలు చరిత్ర క్లాసులో ఆ కేసు పేరు చదువుతారు, పరీక్షలో సంవత్సరం రాస్తారు. చట్టం ఒక టీనేజి పిల్ల కడుపులో భయంగా ఎలా కూర్చుంటుందో ఈ అధ్యాయంలో తెలుస్తుంది.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న అసలు చోటుకి వస్తాను. హైస్కూల్ అయిపోగానే రూత్ న్యూయార్క్ వెళ్లిపోయి, మళ్లీ ఇంటికొస్తుంది. అప్పుడు చెల్లెలు డీడీ, ఎప్పుడూ ఏదీ అడగని పిల్ల, ఇంక వెళ్లనని మాట ఇమ్మని అడుగుతుంది. రూత్ ఇస్తుంది. తప్పుతుంది. ఆ అధ్యాయానికి పేరు కూడా ఆ మాట మీదే పెట్టారు. ఆలోచించండి, అన్న ముందే ఇల్లొదిలి వెళ్లిపోయాడు, అక్క కూడా వెళ్లిపోతే ఆ ఇంట్లో, ఆ తండ్రితో, ఒకవైపు చచ్చుబడిన ఆ తల్లితో మిగిలేది డీడీ ఒక్కతే. అది రూత్‌కి తెలుసు. తెలిసే వెళ్లింది. ముసలితనంలో కొడుక్కి చెబుతున్నప్పుడు కూడా ఆవిడ దీనికి సమర్థన వెతుక్కోదు. నేను వెళ్లకపోతే చచ్చేదాన్ని అని ఒక్క మాట అని ఉంటే మనం అందరం తలూపేవాళ్లం. అనదు.

వెళ్లే రోజు తల్లి బస్సులో తినడానికి పొట్లం కట్టి ఇస్తుంది. దారిలో విప్పి చూస్తే తిండి మధ్య తల్లి పోలండ్ పాస్‌పోర్టు ఉంటుంది, ఫోటోతో సహా. రూత్ దగ్గర తల్లిది మిగిలిన ఫోటో అదొక్కటే. కూతురు మళ్లీ రాదని తల్లికి తెలుసన్నమాట. తెలిసీ ఆపలేదు. ఇక్కడ ఎవరు గొప్ప తల్లి? మహాతల్లి అని దణ్ణాలు పెట్టిన గ్రూపులో ఈ తల్లి గురించి ఒక్క మాట లేదు. చదువు లేదు, భాష లేదు, భర్త మీద మాట చెల్లదు, పిల్లల్ని కాపాడుకోలేకపోయింది, ఏ లెక్కన చూసినా ఓడిపోయిన మనిషి. ఆ ఇంట్లోంచి కూతుర్ని బయటపడనిచ్చింది మాత్రం ఈవిడే.

కొన్నాళ్లకి తల్లి న్యూయార్క్‌లో ఆసుపత్రిలో ఉందని తెలిసి రూత్ పిన్నికి ఫోన్ చేస్తుంది. నువ్వు ఈ ఇంటిదానివి కాదు, నీకు షివా కూర్చున్నాం, చూడడానికి వీల్లేదు అంటారు. తర్వాత కొద్ది రోజులకే తల్లి పోతుంది. రూత్ వెళ్లలేదు. 1942లో ఆండ్రూ డెన్నిస్ మెక్‌బ్రైడ్‌ని పెళ్లి చేసుకుంది, క్రైస్తవంలో చేరింది, తల్లి చావు నుంచి తనని బయటికి లాగింది ఆ విశ్వాసమే అని చెప్పుకుంది. ఇద్దరూ కలిసి బ్రూక్లిన్‌లోని రెడ్ హుక్‌లో న్యూ బ్రౌన్ మెమోరియల్ బాప్టిస్ట్ చర్చి మొదలుపెట్టారు. డెన్నిస్ 1957లో క్యాన్సర్‌తో పోయేనాటికి ఏడుగురు పిల్లలు, ఎనిమిదో వాడు కడుపులో. ఆ ఎనిమిదో వాడే జేమ్స్. తర్వాత హంటర్ జోర్డన్‌ని చేసుకుంది, ఇంకో నలుగురు. ఆయన 1972లో పోయాడు.

ఇంత నష్టం మోస్తున్న మనిషి పిల్లలకి ఏం చెప్పింది? ఏమీ చెప్పలేదు. నువ్వు తెల్లదానివా అని అడిగితే నా ఒళ్లు కాస్త లేత రంగు అనేది. ఎక్కడ పుట్టావంటే దేవుడు పుట్టించాడు అనేది. దేవుడు నల్లవాడా తెల్లవాడా అని జేమ్స్ అడిగినప్పుడు, దేవుడిది నీటి రంగు అని, నీటికి రంగు ఉండదని చెప్పింది. పుస్తకం పేరు అక్కడి నుంచే. క్లాస్‌రూమ్ గోడల మీద పోస్టర్ల కోసం పుట్టినట్టుండే మాట అది, మా అమ్మాయి క్లాసులో సగం మంది జర్నల్ ఎడమ కాలమ్‌లో అదే ఉండి ఉంటుందని పందెం కాస్తాను. అందమైన జవాబే, కాదనను. కానీ అది తప్పించుకునే జవాబు కూడా. అమ్మ రంగు గురించి అడగబోయిన పిల్లవాడికి దేవుడి రంగు చెప్పి పంపేసింది.

దాని ఖరీదు పిల్లవాడు కట్టాడు. నల్లవాళ్ల హక్కుల కోసం బ్లాక్ పవర్ ఉద్యమం సాగిన రోజుల్లో, టీవీలో నల్లజాతి వీరులు తెల్లవాళ్ల మీద విరుచుకుపడుతుంటే చూసి, వీళ్లొచ్చి మా అమ్మని చంపేస్తారని జేమ్స్ వణికిపోయేవాడు. ఒకసారి క్యాంప్‌కి వెళ్లే బస్సు దగ్గర ఒక బ్లాక్ పాంథర్ (ఆ ఉద్యమంలోని ఒక పార్టీ మనిషి) తన కొడుకుని దింపడానికొచ్చి అమ్మ పక్కనే నిలబడతాడు. బస్సు కదలగానే జేమ్స్ లోపలున్న ఆ కొడుకు మొహం మీద గుద్దుతాడు. పిల్లవాడి బుర్రలో లెక్క సరిగానే ఉంది: బయట మా అమ్మకి ఏదో జరగబోతోంది, నా చేతికందింది వీడు. నవ్వొచ్చే సంఘటనలా రాశాడు కానీ, ఇంట్లో ఎవరూ ఏదీ విడమరిచి చెప్పకపోతే పిల్లలు తమకి తోచిన కథ ఎంత భయంకరంగా అల్లుకుంటారో దానికంటే బాగా చెప్పడం కష్టం.

అలాగని ఆవిడ దాచడం వట్టి తప్పు అని కూడా అనలేను, ఈ పుస్తకం నన్ను అక్కడ నిలబెట్టేసింది. పన్నెండు మంది పిల్లలు, బ్యాంకులో మధ్యాహ్నం మొదలై అర్ధరాత్రి దాటాక అయిపోయే టైపిస్టు ఉద్యోగం, డబ్బు లేదు, చుట్టాలు లేరు, వీధిలో నడుస్తుంటే తెల్లవాళ్లూ నల్లవాళ్లూ ఇద్దరూ మాటలు విసిరే కాలం. ఆ సమయంలో కూర్చుని తన తండ్రి ఏం చేశాడో, తను చెల్లెల్ని ఎలా వదిలేసిందో పిల్లలకి చెప్పుకుంటూ ఉంటే బండి నడిచేదా? వెనక్కి చూడకపోవడం వల్లే ఆవిడ ముందుకి నడవగలిగింది అనిపిస్తుంది. పిల్లలకి దక్కాల్సినది దక్కకుండా పోయిందనీ అనిపిస్తుంది. ఈ రెండిట్లో ఒకటి ఎంచుకోమని ఎస్సే ప్రశ్న అడిగితే నేను ఫెయిల్.

ఇక్కడ ఒక సంగతి గమనించాను, గ్రూపులో కాలేజీ లెక్క పెట్టినవాళ్లకి బహుశా నచ్చేదే. రూత్ తన పిల్లల్ని దగ్గర్లో ఉన్న బడికి కాకుండా బస్సులు మారి వెళ్లాల్సినంత దూరంలో, యూదు పిల్లలు ఎక్కువగా చదివే పబ్లిక్ స్కూళ్లకి పంపింది. కుటుంబాన్ని వదిలింది, మతాన్ని వదిలింది, పేరు మార్చుకుంది (రేచల్ కాస్తా రూత్ అయింది), తను యూదునని కన్నపిల్లలకే చెప్పలేదు. చదువు దగ్గరికొచ్చేసరికి మాత్రం పుట్టింటి తెలివే వాడింది. చదువు ఎక్కడ గట్టిగా ఉంటుందో ఆవిడకి తెలుసు, ఎందుకు తెలుసో చెప్పలేదు. మనిషి పుట్టింటిని పూర్తిగా వదిలేయడం జరగదని దీన్నిబట్టి నాకు అర్థమైంది.

ఆ పన్నెండు మంది కాలేజీ దారి కూడా గీత గీసినట్టు ఏమీ లేదు. రచయితే సవతి తండ్రి పోయాక బడి మానేసి తిరిగాడు, అక్క ఉన్న లూయివిల్ పంపిస్తే అక్కడ వీధి చివర తాగి కూర్చునే పెద్దమనుషుల మధ్య పడ్డాడు, అందులో చికెన్ మ్యాన్ అనే ఆయన చదువుకోకపోతే నీ గతీ ఇదే అని చెప్పకనే చెప్పాడు. తర్వాత ఓబర్లిన్ కాలేజీ, కొలంబియాలో జర్నలిజం. ఇంకో కూతురు హెలెన్ టీనేజిలో చదువు మానేసి, ఇంట్లో పోట్లాడి వెళ్లిపోయింది. ఎక్కడుందో తెలిసి రూత్ వెళ్లి తలుపు దగ్గర నిలబడి బతిమాలింది. తలుపు తీయలేదు. ఏళ్ల తర్వాత నర్సింగ్ డిగ్రీతో, చంకలో పాపతో తిరిగొచ్చింది.

నాకైతే పుస్తకం మొత్తంలో మళ్లీ మళ్లీ తిరిగి చూసుకున్న చోటు ఆ తలుపు. ఇల్లొదిలి వెళ్లిన కూతురే ఇప్పుడు ఇల్లొదిలిన కూతురి కోసం నిలబడింది. ఆ క్షణాన రూత్‌కి సఫోక్ బస్సు, ఆ తిండి పొట్లం గుర్తొచ్చే ఉంటాయని నా ఊహ. పుస్తకం ఆ మాట చెప్పదు, ఎందుకంటే అది కొడుకు చెబుతున్న అధ్యాయం, అప్పటికి వాడికి సఫోక్ అనే ఊరి సంగతే తెలియదు. తల్లి అధ్యాయాలు చదువుతున్న మనకి తెలుసు. ఇలా ఒక గొంతుకి తెలియంది ఇంకో గొంతులోంచి మనకి తెలియడం కోసమే పుస్తకాన్ని ఇలా అల్లాడనిపిస్తుంది. జర్నల్‌లో ఒక్క వాక్యం కోసి పెడితే ఇది దొరకదు, రెండు అధ్యాయాలు ఎదురెదురుగా పెట్టుకోవాలి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. రెండో సగంలో కొడుకు అధ్యాయాలు కొంచెం పలచబడతాయి, సఫోక్ వెళ్లి ముసలివాళ్లని కలిసే భాగం తప్ప. ఆఖర్లో పన్నెండు మంది పిల్లలు ఎవరెవరు ఏమేం చదివారో వరసగా ఇచ్చిన జాబితా ఉంటుంది, డిగ్రీలు, యూనివర్సిటీలు అన్నీ. నిజం చెప్పాలంటే అది మన పెళ్లి సంబంధాల బయోడేటాలా ఉంటుంది. గ్రూపులో స్క్రీన్‌షాట్ తిరిగింది కూడా ఆ పేజీదే! జేమ్స్ దాన్ని ఎందుకు పెట్టాడో అర్థం చేసుకోగలను, తల్లికి కానుక అది, చూడు నీ పిల్లలు ఏమయ్యారో అని. అయితే అంతవరకూ పడిన కష్టమంతా ఆ జాబితా కోసమే అన్నట్టు చదివించే ప్రమాదం కూడా దానిలోనే ఉంది. ఆ జాబితాలో నన్ను ఆపిన డిగ్రీ ఒకటే, రూత్‌ది. 1986లో, అరవై అయిదేళ్ల వయసులో, టెంపుల్ యూనివర్సిటీ నుంచి సోషల్ వర్క్‌లో. పిల్లల చదువులన్నీ దారిన పడ్డాక తన కోసం తను వెళ్లి చదువుకుంది. ఆవిడ 2010లో చనిపోయింది.

ఇంకో ప్రశ్న కూడా ఉంది, అమ్మ చెప్పనన్న కథని కొడుకు రాయొచ్చా అని. జేమ్స్ ఏళ్ల తరబడి అడిగాడు, ఆవిడ ఏళ్ల తరబడి తప్పించుకుంది, ఆఖరికి కూర్చుని చెప్పింది. తను ఒప్పుకుని చెప్పింది కాబట్టి, తన అధ్యాయాల్లో తన గొంతే ఉంది కాబట్టి ఆవిడ వరకూ నాకు పేచీ లేదు. డీడీ ఒప్పుకుందా? తల్లి? వాళ్ల వైపు నుంచి ఒక్క అధ్యాయం లేదు. జ్ఞాపకాల పుస్తకాలన్నిటికీ ఉన్న ఇబ్బందే ఇది, ఎవరు రాస్తే వాళ్ల వైపు దీపం ఉంటుంది. పిల్లలకి ఇది నేర్పడానికి ఇంతకంటే మంచి పుస్తకం అక్కర్లేదు, కానీ స్కూల్ ఇచ్చిన ప్రశ్నల్లో ఇది లేదు. ఉన్నవి: 'రచయిత తన ఐడెంటిటీని ఎలా కనుగొన్నాడు', 'తల్లి త్యాగాలు పిల్లల విజయానికి ఎలా తోడ్పడ్డాయి'. రెండో ప్రశ్న చదివి నాకు ఒళ్లు మండింది. త్యాగం అనేస్తే ఇంక ఆ మనిషి గురించి అడగడానికి ఏమీ మిగలదు. రూత్ పిల్లల కోసం త్యాగం చేసిందా, లేక తను బతకడం కోసం వెళ్లిపోయి, ఆ వెళ్లిపోవడం వల్ల వచ్చిన బతుకులో పిల్లల్ని కని, ఆ పిల్లల్ని గట్టిగా పట్టుకుందా? నాకు రెండోదే కనిపిస్తోంది, దానివల్ల ఆవిడ మీద గౌరవం పెరిగింది తప్ప తగ్గలేదు.

మా అమ్మాయి ఈ రెండు ప్రశ్నలూ తీసుకోలేదు. "డీడీ గురించి రాస్తాను" అంది. ఎందుకే అంటే, "అందరూ రూత్ గురించే రాస్తారు. మాట అడిగింది డీడీ కదా, డీడీ ఏమైందో ఎవరికీ పట్టలేదు" అంది. (తను ఇంట్లో చిన్నది, వాళ్ల అక్క పోయిన ఏడాదే కాలేజీకి వెళ్లింది. ఆ మాట నేను ఎత్తలేదు, తనూ ఎత్తలేదు.) టీచర్‌కి తనే ఈమెయిల్ రాసి అడిగింది, ఇచ్చిన ప్రశ్నలు కాకుండా వేరేది రాయొచ్చా అని. రాయొచ్చు, కానీ ప్రతి పాయింట్‌కీ పుస్తకంలోంచి ఆధారం చూపించాలి అని జవాబొచ్చింది.

దాంతో ఇప్పుడు డీడీ కనిపించే పేజీలన్నిటికీ స్టిక్కీ నోట్స్ అంటిస్తోంది. పెద్దగా లేవు. ఉన్నవన్నీ రూత్ నోటి నుంచి విన్నవే, డీడీ నేరుగా చెప్పినది ఏదీ లేదు కాబట్టి ఎస్సేలో 'ఇది అక్క చెప్పిన మాట, చెల్లెలు ఏమంటుందో పుస్తకంలో లేదు' అని ఎన్నిసార్లు రాయాలి అని అడుగుతోంది. మొదటి పేరాలో ఒక్కసారి గట్టిగా రాసెయ్, తర్వాత అవసరమైన చోట గుర్తుచెయ్ అన్నాను. ఎస్సే అడిగిన పేజీలకి సరిపోదేమోనని టెన్షన్ పడుతోంది.